గంట నలభై నిమిషాల వీడియోను 70 నిమిషాల్లో చూసేదెట్లా?

సుభాష్ పాలేకర్ గారి శిక్షణ వీడియోలు యూట్యూబ్‌లో గంటల కొద్దీ ఉంటాయి. బోధన్ దిక్కు చెరకు నరికే రోజుల్లో అంతసేపు కూర్చునే తీరిక ఎవరికుంటది? అందుకే చాలామంది స్పీడు పెంచి చూస్తున్నారు. మంచిదే, కానీ ఎంత పెంచాలో ఒక లెక్క ఉంది.

వీడియో నిడివిని మన దగ్గరున్న టైంతో భాగించాలి. వచ్చేదే స్పీడు. రెండూ నిమిషాల్లోనే ఉండాలి. తెర మీద 1:40:00 అని కనబడితే అది 1.4 గంటలు కాదు, 100 నిమిషాలు. 80 నిమిషాల్లో అయిపోవాలంటే 100 ÷ 80 = 1.25. స్పీడు 1.5 పెడితే సగం టైం మిగుల్తదని కొందరనుకుంటారు. మిగిలేది మూడో వంతే, గంట వీడియోకు 40 నిమిషాలు పడుతుంది.

అయితే వీడియో అంతా ఒకే స్పీడుతో చూడొద్దు. జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం అని చెప్పే చోట వేగంగా పోనిస్తే ఒక అంకె జారిపోతది. చెరకు ముచ్చెలకు పట్టించే బీజామృతంలో 20 లీటర్ల నీళ్లకు సున్నం 50 గ్రాములే. అది 500 అని రాసుకున్నోళ్ల ముచ్చెలు ఏమైతయో చెప్పక్కర్లేదు.

కాబట్టి ముందు తయారీ భాగాన్ని పక్కకు తీయండి. మన 100 నిమిషాల వీడియోలో అది 10 నిమిషాలనుకుందాం. మీకున్నది 70 నిమిషాలు. ఆ 10 మామూలు స్పీడుకే వదిలేస్తే, మిగిలిన 90 నిమిషాల వీడియో 60 నిమిషాల్లో పట్టాలి. 90 ÷ 60 = 1.5. తయారీని ఇంకా నిదానంగా, 0.75తో వింటే దానికే 13 నిమిషాల పైన పోతుంది. అప్పుడు మిగతాది 1.6 పెట్టాలి.

సగం వీడియో 2తో, సగం 1తో చూస్తే సగటు 1.5 అనుకోకండి. గంట వీడియోకు 15, 30 కలిపి 45 నిమిషాలు, అంటే 1.33.

స్పీడు పెంచితే డేటా ఆదా కాదు. వీడియో అంతా రావాల్సిందే, పైగా తొందరగా రావాలి. సిగ్నల్ సరిగా లేని పొలం కాడ ఆగి ఆగి నడుస్తది. ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని పోండి. యూట్యూబ్‌లో వీడియో మీద పళ్లచక్రం గుర్తు నొక్కితే ప్లేబ్యాక్ స్పీడ్ అని ఉంటుంది.