చిన్నజాతి కుక్కకు చిన్న వయసులోనే గుండెజబ్బు: చేయవలసినవి - చేయకూడనివి

ఏడాదైనా నిండని బొచ్చుకుక్కకు గుండెజబ్బని తేలిన ఇంట్లో రెండు మాటలు వినబడతాయి. "చిన్నదే కదా, పెరిగే కొద్దీ అదే సర్దుకుంటుంది" అనేది ఒకటి. "గుండెజబ్బంటే ఇక అయిపోయినట్టే, సూదులతో ఎందుకు హింసపెట్టడం" అనేది రెండోది. రెండూ ప్రేమతో అనేవే. రెంటివల్లా కుక్కకు నష్టమే.

మొదటి మాటలో కొంత నిజం లేకపోలేదు. నాలుగైదు నెలలలోపు పిల్లల్లో మెల్లగా వినబడే మర్మర్, అంటే గుండె చప్పుడులోని అదనపు శబ్దం, కొన్నింటిలో దానంతటదే పోతుంది. అది అలాంటిదో కాదో తేల్చాల్సింది డాక్టరు, పక్కింటివాళ్ళు కాదు.

ముందు జబ్బు పేరు

అన్నిటికన్నా ముందు చేయవలసింది ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించి, జబ్బు పేరు కాగితం మీద రాయించుకోవడం. "హార్ట్ ప్రాబ్లమ్ ఉంది" అన్న ఒక్క ముక్క పట్టుకుని ఇంటికి రాకండి. మర్మర్‌ను ఆరు గ్రేడులుగా చెబుతారు. గ్రేడు తక్కువని నిశ్చింతగా ఉండటానికి లేదు, ఎక్కువని గుండె జారిపోనక్కర్లేదు. గుండె ఎంత ఉబ్బింది, రక్తం ఎటు పోతోంది అన్నది స్కానింగ్‌లోనే తెలుస్తుంది. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల్లో గానీ, పెద్ద ఊళ్ళలోని పెట్ క్లినిక్కుల్లో గానీ గుండె స్కానింగ్ తెలిసినవారు ఏ రోజు దొరుకుతారో ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరండి. వంద కిలోమీటర్లు ఆయాసపడే కుక్కతో వెళ్ళి ఉత్త చేతులతో తిరిగి రావడం ఎవరికీ మంచిది కాదు.

పేరు ఎందుకంత ముఖ్యమంటే, పొమరేనియన్, మాల్టీజ్, చివావా, పూడిల్ లాంటి చిన్నజాతుల్లో, ముఖ్యంగా ఆడకుక్కల్లో, పుట్టుకతో కనబడే ఒక లోపం ఉంది. డాక్టర్లు పీడీఏ అంటారు. తల్లి కడుపులో ఉన్నన్నాళ్ళు పిల్ల ఊపిరి తీసుకోదు గనక బృహద్ధమనికీ, ఊపిరితిత్తులకు వెళ్ళే ధమనికీ మధ్య ఒక అడ్డదారి ఉంటుంది. పుట్టాక కొద్ది రోజుల్లో అది మూసుకుపోవాలి. పోకపోతే ఒంటికి వెళ్ళాల్సిన రక్తంలో కొంత మళ్ళీ మళ్ళీ ఊపిరితిత్తుల్లోకే దారి తప్పుతుంది, ఎడమవైపు గుండె సాగిపోతుంది. ఎడమ చంక లోపలికి అరచేయి ఆనిస్తే కొన్ని పిల్లల్లో పిల్లి గుర్రుమన్నట్టు అదురు తెలుస్తుంది. వదిలేస్తే వీటిలో చాలా కుక్కలు ఏడాది రెండేళ్ళలో హార్ట్ ఫెయిల్యూర్‌లోకి జారతాయి. వేళకు మూయిస్తే మామూలు కుక్కలా బతుకుతాయి. మనుషుల్లో ఈ దారిని 1938లోనే బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ కట్టి మూశారు, కాబట్టి ఇదేమీ నిన్నమొన్నటి ప్రయోగం కాదు. ఇప్పుడు తొడ దగ్గరి రక్తనాళంలోంచి చిన్న పరికరాన్ని పంపి మూసే పద్ధతీ ఉంది. మరీ చిన్న కుక్కల్లో ఆ నాళం సన్నగా ఉండి కుదరకపోతే ఛాతీ తెరిచి దారంతో కడతారు. కొన్నింటిలో మాత్రం రక్తం ఎదురుదిశలో పారడం మొదలవుతుంది. అప్పుడు మూస్తేనే ప్రాణానికి ముప్పు. అందుకే ఎకో లేకుండా ఆపరేషన్ మాట వద్దు, ఎకోలో వీలుందని తేలాక "వచ్చే ఏడాది చూద్దాం" అనే మాటా వద్దు.

కవాటం అరిగి లీకయ్యే జబ్బు వేరు. మామూలుగా అది వయసు మళ్ళిన చిన్నకుక్కలది. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతిలో మాత్రం చాలా ముందే వస్తుంది. ఇందులో గుండె సైజు పెరగనంతవరకు మందు అక్కర్లేదు, పరీక్షలు చాలు. సైజు పెరిగాక పైమోబెండాన్ అనే గుండె మాత్ర మొదలుపెడితే హార్ట్ ఫెయిల్యూర్ సగటున 15 నెలలు వెనక్కి జరిగిందని 360 కుక్కల మీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనం చూపించింది. కుక్క ఆయుష్షులో 15 నెలలంటే తక్కువేం కాదు.

నిద్రలో శ్వాస లెక్క

ఇంట్లోవాళ్ళ చేతిలో ఉన్న అన్ని పనుల్లోకీ దీనికే నేను పెద్దపీట వేస్తాను. పైసా ఖర్చు లేదు, స్టెతస్కోపు అక్కర్లేదు.

కుక్క గాఢంగా నిద్రపోయాక లెక్కపెట్టండి. రొప్పుతున్నప్పుడు, షికారు నుంచి రాగానే, కలలో కాళ్ళు కొట్టుకుంటున్నప్పుడు వద్దు. చివరి పక్కటెముక దాటి పొట్ట మొదలయ్యేచోట చూడండి. బొచ్చు దట్టంగా ఉండి కదలిక తెలియకపోతే అక్కడ పలచని కాగితం ముక్క పెట్టండి, అది లేచి దిగడం స్పష్టంగా కనబడుతుంది. లేచి దిగితే ఒకటి. లేవడం ఒకటి, దిగడం ఒకటి అని లెక్కేసి అర్ధరాత్రి డాక్టరుగారిని నిద్రలేపినవాళ్ళూ ఉన్నారు. 30 సెకన్లు లెక్కించి రెండుతో హెచ్చించండి. నిమిషానికి 30 లోపు ఉంటే ఫరవాలేదు. క్యాలెండర్‌లో పాలవాడి లెక్క పక్కనే రోజూ ఆ అంకె వేయండి. దాని మామూలు లెక్క 18 అనుకుందాం, వారంగా 27, 28 వస్తుంటే 30 దాటేదాకా ఆగకండి, డాక్టరుకి చెప్పండి. పదేపదే 30 దాటుతుంటే ఆ రోజే చూపించండి. నిద్రలో 40 దాటినా, పొట్ట ఎగదన్నుతూ ఊపిరి తీస్తున్నా తెల్లారేదాకా ఆగకండి.

దగ్గునే కొలమానం చేసుకోకండి. చిన్నజాతుల్లో శ్వాసనాళం మెత్తబడి కుంగడం వల్ల కూడా పొడి దగ్గు వస్తుంది. గొలుసు లాగినా, ఆనందంతో గెంతినా వస్తుంది. మెడపట్టీ తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ కొనండి. దగ్గు మందు మాత్రం మన సీసాలోంచి పోయకండి.

మాత్రల దగ్గర జరిగే పొరపాట్లు

పైమోబెండాన్ 12 గంటలకోసారి, తిండికి గంట ముందు, ఖాళీ కడుపున వేయాలి. పెరుగన్నంలో దాచి పెట్టే అలవాటు దీనికి పనికిరాదు. రెండు కిలోల కుక్కకు మాత్రలో పావు ముక్కో సగమో రాస్తారు. గోటితో విరిచి ఉజ్జాయింపుగా వేయకుండా మందుల షాపులో దొరికే కట్టర్‌తో కోయండి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెట్టింపు వేయకండి.

ఊపిరితిత్తుల్లో నీరు తీయడానికి ఇచ్చే ఫ్యూరోసెమైడ్‌తో దాహం, మూత్రం రెండూ పెరుగుతాయి. ఇల్లంతా తడుపుతోందని నీళ్ళ గిన్నె తీసేయకండి, కిడ్నీలు దెబ్బతింటాయి. మందు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో కిడ్నీ, పొటాషియం పరీక్ష చేయించండి. హుషారుగా ఉందని మందు ఆపకండి, ఆ హుషారు మందు వల్ల వచ్చిందే.

తాతగారి బీపీ మాత్రల పేరు, కుక్క చీటీలోని పేరు ఒకటే కావచ్చు. అయినా ఆ పట్టీలోంచి తీసి వేయకండి. మనుషుల మాత్రలు కొన్నింటిలో రెండు మూడు మందులు కలిపి ఉంటాయి. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, పారాసిటమాల్ అసలు వద్దు. గుండె మందులు వాడే కుక్కకు డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ కిడ్నీని ఇంకా త్వరగా చెడగొడతాయి.

తిండి, షికారు, ఎండ

అప్పడం, ఊరగాయ కలిపిన అన్నం, చిప్స్ బంద్. సాంబారన్నం కూడా. దానిలో ఉప్పే కాదు, ఉల్లి కూడా ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను నాశనం చేసి రక్తహీనత తెస్తాయి, ఆ భారం మళ్ళీ గుండె మీదే. అలాగని జబ్బు మనిషికి పెట్టినట్టు గంజితో పథ్యం చేయించకండి. ఉప్పు లేని ఉడికించిన కోడిమాంసం, గుడ్డు తిననివ్వండి, కండ తగ్గితే కుక్క త్వరగా నీరసిస్తుంది. వారానికోసారి ఎత్తుకుని తూకం చూసి మీ బరువు తీసేయండి. రెండు మూడు రోజుల్లో బరువు పెరిగి పొట్ట ఉబ్బితే అది కొవ్వు కాదు, నీరు.

నడక మాన్పించనక్కర్లేదు. అది ఆగితే మీరూ ఆగండి, బంతి విసిరి పరిగెత్తించకండి. రోహిణీ కార్తెలో సూర్యుడు రాకముందే తిప్పి తీసుకొచ్చేయాలి. కారులో అద్దం కాస్త దించి వదిలి షాపింగ్‌కి వెళ్ళడం ఆరోగ్యంగా ఉన్న కుక్కకే ప్రాణాంతకం. దీపావళికి, నిమజ్జనం డీజేలకు వారం ముందే డాక్టరుని అడిగి, బెదురు తగ్గించే మందు రాయించుకోండి. ఇంట్లోవాళ్ళ నిద్రమాత్ర వేయకండి.

పడిపోతే

గుండె వల్ల స్పృహ తప్పిన కుక్క మెత్తగా వాలిపోయి, కొన్ని సెకన్లలో లేచి ఏమీ ఎరగనట్టు చూస్తుంది. మూర్ఛలో అయితే బిగుసుకుంటుంది, కాళ్ళు కొట్టుకుంటుంది, చొంగ కారుతుంది, లేచాక కూడా కాసేపు తికమకగా తిరుగుతుంది. తేడా తేల్చడానికి డాక్టరుకి మీ మాటకన్నా ఫోన్‌లో తీసిన వీడియో మేలు. ఒకరు వీడియో తీస్తుంటే ఇంకొకరు పక్కకు పడుకోబెట్టి మెడ నిటారుగా ఉంచి, చిగుళ్ళ రంగు చూడండి. గులాబీ రంగు పోయి తెల్లగానో నీలంగానో ఉంటే వెంటనే బయలుదేరండి. నోట్లో నీళ్ళు పోయకండి. ముక్కు దగ్గర ఉల్లిపాయ, కాలి దగ్గర తాళాలగుత్తి లాంటి వైద్యాలు టైము తినేవే.

ఊపిరి అందక కూర్చున్న కుక్కను వెల్లకిలా తిప్పకండి, ఛాతీ పట్టి ఎత్తకండి. ఎలా కూర్చుంటే అలాగే బుట్టలో పెట్టి, దారిలోనే ఆసుపత్రికి ఫోన్ చేసి ఆక్సిజన్ సిద్ధం చేయమనండి. రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో ఈరోజే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు

వాంతులకు, జ్వరానికి కొత్త డాక్టరు దగ్గరికి వెళితే బల్లమీద పెట్టకముందే గుండెజబ్బు సంగతి చెప్పండి. అలవాటుగా ఎక్కించే సెలైన్ ఈ కుక్కకు ఎక్కువైతే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. దురదకు వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా గుట్టుగా ఉన్న జబ్బును బయటికి లాగగలదు. పళ్ళు శుభ్రం చేయించినా, మత్తు అవసరమైన ఏ పని అయినా ఎకో రిపోర్టు చూపించాకే.

పిల్లలు పెట్టించకండి. మత్తుకు డాక్టరు ఒప్పుకుంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. మోయడం, కనడం ఆ గుండెకు మోయలేని బరువు. పైగా పీడీఏ పూడిల్స్‌లో వంశపారంపర్యమని రుజువైనదే, కావలియర్ కవాట జబ్బూ అంతే. మీకు అమ్మినవారికి రిపోర్టు ఫొటో పంపండి. అదే ఈతలో పుట్టిన మిగతా పిల్లలు ఏయే ఇళ్ళలో ఉన్నాయో వాళ్ళకే తెలుస్తుంది.