సెల్ఫ్ ఒకసారి పలుకుతుంది, ఒకసారి మొరాయిస్తుంది

ప్రశ్న: నాలుగేళ్ల బైక్. సెల్ఫ్ నొక్కితే ఒక్కోసారి ‘టిక్’మని ఆగిపోతోంది. కాసేపాగితే స్టార్టవుతోంది. బ్యాటరీ మార్చాలా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తొందరపడి బ్యాటరీ కొనకండి. ఇలా వచ్చిపోయే లోపానికి చాలాసార్లు వదులైన కనెక్షనే కారణం. తాళం ఆపేసి బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. పొడి పేరుకుని ఉంటే ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ విప్పి, గరుకు కాగితంతో రుద్ది గట్టిగా బిగించండి. ఇంజిన్‌కు బిగించిన ఎర్త్ వైరునూ అలాగే శుభ్రం చేయండి. చాలామంది మరిచిపోయేది దీన్నే.

అయినా తగ్గకపోతే మల్టీమీటరు పెట్టండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దాకా ఉండాలి. సెల్ఫ్ నొక్కగానే 10 కంటే కిందికి పడితే బ్యాటరీని అనుమానించాలి. వోల్టేజీ పడకుండానే టిక్‌మంటుంటే స్టార్టర్ రిలేను చూడాలి.

వైరు వేడెక్కినా, ఫ్యూజు పదేపదే పోతున్నా మెకానిక్‌కు చూపించండి. ఫ్యూజుకు బదులు తీగముక్క మాత్రం పెట్టకండి, మంటలు రేగుతాయి.