చెక్కముక్కను జేబులో వేసుకోండి

మా ఇంట్లో పాత రేడియో మూగబోతే కోఠిలో ఓ రిపేరు షాపుకు తీసుకెళ్లాను. స్పీకర్ పోయిందేమో, ఐసీ కాలిందేమో అంటూ నాకు తోచిన రోగాలన్నీ ఏకరువు పెట్టాను. ఆయన ఊ కొట్టలేదు. వెనక మూత విప్పి, స్క్రూడ్రైవర్ పిడితో బోర్డును అక్కడా ఇక్కడా మెల్లగా తట్టుకుంటూ పోయాడు. ఒకచోట తట్టగానే పాటొచ్చింది. చెయ్యి తీయగానే పోయింది. "సామానంతా మంచిగనే ఉన్నది సార్. ఈడ సోల్డరింగ్ వదిలేసింది" అన్నాడు. చిటికెడు సోల్డర్ కరిగించి పెట్టి, యాభై రూపాయలు తీసుకున్నాడు.

భాగాలన్నీ బాగానే ఉంటాయి, అతుకు దగ్గర చెడుతుంది. ఉగాదికో జనవరి ఒకటికో మనం రాసుకునే తీర్మానాలు చూడండి. పొద్దున్నే లేవాలి, జిమ్‌కు వెళ్లాలి, పైథాన్ నేర్చుకోవాలి, పిల్లాడికి లెక్కలు దగ్గరుండి చెప్పాలి. ఒక్కోటి నాణ్యమైన విడిభాగమే. కానీ జిమ్‌కూ పిల్లాడి స్కూలు బస్సుకూ మధ్య అతుకు ఎక్కడుందో ఎవరూ చూడరు. నెల తిరిగేసరికి రేడియో మూగబోతుంది. "నాకు పట్టుదల లేదు" అని మనల్ని మనం తిట్టుకుంటాం. స్పీకర్ పోయిందనుకోవడం లాంటిదే ఇది.

ఫోన్లూ టీవీలూ రూపొందించే ఇంజినీర్లు ఈ పొరపాటు చేయకూడదని ఓ అలవాటు పెట్టుకున్నారు. వస్తువును తయారుచేసే ముందే దాన్ని బొమ్మగా గీస్తారు. కరెంటు ఎటు నుంచి ఎటు పోతుంది, వేడి ఎక్కడ పుట్టి ఎక్కడికి చేరుతుంది, ఏ భాగం ఏ భాగం మీద ఆధారపడింది, ఒకటి మారిస్తే ఇంకేవి మారాలి అన్నీ అందులో ఉంటాయి. దీనికే సిస్టమ్స్ మోడలింగ్ అని పేరు. ఈ బొమ్మలు గీయడానికి సిస్ఎంఎల్ అని ఓ ప్రత్యేకమైన భాష కూడా ఉంది. దాని వ్యాకరణం మనకు అక్కర్లేదు. మోడల్ అంటే చవగ్గా తప్పులు చేసుకోవడానికి దొరికిన చోటు అన్న ఒక్క సంగతి పట్టుకుంటే చాలు.

ఎంత చవగ్గా అంటే, ఒక చెక్కముక్కంత.

1993లో అమెరికాలో జెఫ్ హాకిన్స్ అనే ఇంజినీరు, ఆయన కంపెనీ పామ్ కలిసి జూమర్ అనే చేతికంప్యూటర్‌కు పనిచేశారు. అది బరువు, నెమ్మది, ఖరీదు. జనం కొనలేదు. అదే ఏడాది ఆపిల్ తెచ్చిన న్యూటన్ కూడా చేతిరాతను తప్పుగా చదివి నవ్వులపాలైంది. మామూలుగా ఇలాంటప్పుడు ఏం చేస్తాం? మరింత వేగమైన చిప్పు వేద్దాం, మరిన్ని సదుపాయాలు పెడదాం అంటాం. హాకిన్స్ తన గ్యారేజీలోకి వెళ్లి, చొక్కా జేబులో పట్టేంత చెక్కముక్క కోసుకున్నాడు. చాప్‌స్టిక్ ఒకటి చెక్కి పెన్ను చేసుకున్నాడు. ఆ చెక్కను కొన్ని నెలలు జేబులో వేసుకు తిరిగాడు. "బుధవారం ఖాళీయేనా?" అని ఎవరైనా అడిగితే చెక్క తీసి, పుల్లతో దానిమీద పొడిచి, డైరీ చూసినట్టు నటించేవాడు. చుట్టుపక్కల వాళ్లు ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

కానీ ఆ చెక్క ఆయనకు ఏ చిప్పూ చెప్పని మాటలు చెప్పింది. దీన్ని రోజుకు ఎన్నిసార్లు తీస్తాను? తీసి ఎంతసేపు చూస్తాను? నిలబడి తీస్తానా, కూర్చునా? జేబుకు బరువవుతోందా? తన వస్తువుకు అసలు పోటీ మరో కంప్యూటర్ కాదని, జేబులో ఉండే కాగితమేనని అర్థమైంది. కాగితం స్టార్ట్ అవడానికి టైమ్ తీసుకోదు కదా. 1996లో పామ్ తెచ్చిన పైలట్ ఆ జేబు కొలతకే ఒదిగింది. ధర 299 డాలర్లు, రెండు చిన్న ఏఏఏ సెల్స్‌తో నడిచేది, ఆఫీసు కంప్యూటర్‌తో వివరాలు సరిచూసుకోవడానికి ఒకే ఒక్క బటన్. బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది.

అందులో నాకు బాగా నచ్చింది గ్రాఫిటీ అనే రాత పద్ధతి. అప్పట్లో మనిషి చేతిరాతను యంత్రం చదవలేకపోయేది కాబట్టి యంత్రాన్ని ఇంకా తెలివైనదిగా చేయాలని అందరూ కుస్తీ పడుతుండేవారు. పామ్ వాళ్లు భారాన్ని కొంచెం ఇటు జరిపారు. ఇంగ్లిష్ అక్షరాలను కాస్త మార్చి, దాదాపు అన్నీ ఒక్క గీతలో రాసేలా చేశారు. 'A' అక్షరానికి మధ్యలో అడ్డగీత అక్కర్లేదు. కొద్దిసేపు సాధన చేస్తే ఎవరికైనా వచ్చేస్తుంది. సిస్టమ్ బొమ్మ గీసేటప్పుడు మనిషిని కూడా ఒక భాగంగా లోపల గీశారు కాబట్టే ఈ ఉపాయం తట్టింది. బొమ్మ చుట్టూ గీసే గీత ఎక్కడ ఆగాలన్నది ఈ విద్యలో సగం.

మీ తీర్మానాల బొమ్మలో మీరున్నారా? మీరంటే రాత్రి పదకొండుకు ఫోన్ వదలని మీరు, మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లు మూతలు పడే మీరు. సాధారణంగా మనం గీసుకునే బొమ్మలో ఎవరో మహానుభావుడు ఉంటాడు.

ఇంకో పని చేద్దాం. టీవీ రిమోట్ చేతిలోకి తీసుకుని వెనక మూత జరపండి. రెండు ఏఏఏ సెల్స్ ఉంటాయి. వాటిలో వెయ్యి మిల్లీ ఆంప్ అవర్ల శక్తి ఉందనుకుందాం. ఆ రెండు సెల్స్ ఎందుకు అయిపోతాయని మీ అంచనా? బటన్లు నొక్కడం వల్లనేనా? లెక్క వేద్దాం. రోజుకు వందసార్లు నొక్కారు, ఒక్కో నొక్కు సెకనులో అయిదో వంతు. మొత్తం ఇరవై సెకన్లు. ఆ సమయంలో సగటున పది మిల్లీ ఆంపులు లాగిందనుకున్నా, రోజుకు ఖర్చు ఒక మిల్లీ ఆంప్ అవర్‌లో పద్దెనిమిదో వంతే. ఇప్పుడు ఆ రిమోట్ ఊరికే సోఫాలో పడి ఉన్నప్పుడు వంద మైక్రో ఆంపులు కారుతున్నాయనుకోండి. వినడానికి ఏముంది, నలుసంత. కానీ ఇరవై నాలుగు గంటలూ కారుతుంది. రోజుకు 2.4 మిల్లీ ఆంప్ అవర్లు. అంటే మీరు చేసిన పనికి అయ్యే ఖర్చుకు నలభై రెట్లు పైనే. పద్నాలుగు నెలలు తిరక్కుండానే సెల్స్ ఖాళీ, మీరు ఒక్క బటన్ నొక్కకపోయినా సరే. అందుకే డిజైనర్లు ముందే పవర్ బడ్జెట్ రాసుకుని, రిమోట్‌ను గాఢనిద్రలోకి పంపి, ఆ కారుడును ఒకటి రెండు మైక్రో ఆంపులకు దించుతారు.

సాయంత్రానికి ఒంట్లో సత్తువ లేదంటారు చాలామంది. చేసిన పని చూస్తే అంతేమీ ఉండదు. కాగితం తీసుకుని పని ఖర్చు ఒకవైపు, కారుడు ఒకవైపు రాయండి. మూడు వారాలుగా జవాబివ్వని మెసేజ్, తోడల్లుడికి ఇచ్చి అడగలేని అప్పు, మీసేవలో ఇవాళ రేపు అంటూ తెచ్చుకోని సర్టిఫికెట్, బల్లమీద వెల్లకిలా పడుకుని అయిదు నిమిషాలకోసారి వెలిగే ఫోన్. ఒక్కోటి మైక్రో ఆంపే. ఇవాళ వాటిలో ఒకదాన్ని మూసేయండి. చేసైనా సరే, చేయనని చెప్పేసైనా సరే.

బొమ్మ గీస్తే మరో ఇబ్బంది కూడా బయటపడుతుంది: తప్పు మన ఇంట్లోనే కనిపిస్తుంది. 1956లో ఎంఐటీ మేనేజ్‌మెంట్ స్కూల్లో చేరిన జే ఫారెస్టర్‌కు అలాగే కనిపించింది. కెంటకీలోని జనరల్ ఎలక్ట్రిక్ గృహోపకరణాల కర్మాగారాల్లో కొన్నేళ్లు షిఫ్టు మీద షిఫ్టు పని, మరి కొన్నేళ్లకు సగం మందికి ఉద్వాసన. మార్కెట్ అలా ఉందండీ అన్నారు యాజమాన్యం వారు. ఫారెస్టర్ నోటుబుక్కు, పెన్సిలు తీసుకుని సరుకు, ఆర్డర్లు, ఉద్యోగులు అని వరసలు గీసి లెక్క కట్టాడు. ఆర్డర్లు ఏ మార్పూ లేకుండా వస్తున్నా ఆ ఊగిసలాట వస్తోంది! వాళ్లు మనుషుల్ని తీసుకునే పద్ధతిలోనే, సరుకు నిలవ చేసే పద్ధతిలోనే అది ఉంది. సిస్టమ్ డైనమిక్స్ అనే శాస్త్రం అక్కడ పుట్టింది. ప్రతి నెలా ఇరవయ్యో తారీఖుకే జీతం అయిపోతుంటే "ఈ నెల పెళ్లిళ్లు ఎక్కువ" అనే ముందు ఇది గుర్తుంచుకోండి. ప్రతి నెలా పెళ్లిళ్లు ఉండవు.

దొరికిన తప్పును కంగారుగా సరిచేయడం ఇంకో ప్రమాదం. 2016 ఆగస్టులో వచ్చిన సామ్‌సంగ్ నోట్ 7 ఫోన్లు కాలిపోవడం మొదలైంది. సెప్టెంబరులో సుమారు 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచారు. ఒక సరఫరాదారు బ్యాటరీలే కారణమని, రెండో సరఫరాదారు బ్యాటరీలతో మార్చి ఇచ్చారు. అవీ కాలాయి. అక్టోబరులో తయారీనే ఆపేశారు. రెండు లక్షల ఫోన్లు, ముప్పై వేల బ్యాటరీలు పరీక్షించాక 2017 జనవరిలో కంపెనీయే చెప్పింది: మొదటి రకంలో బ్యాటరీ మూల దగ్గర చోటు చాలక ఎలక్ట్రోడ్ వంగింది, రెండో రకంలో వెల్డింగ్ దగ్గర లోపం. రెండూ వేర్వేరు జబ్బులు. ఉద్యోగం నచ్చలేదని మరునాడే ఇంకో ఉద్యోగంలోకి దూకి, ఆరు నెలల తర్వాత అదే మొహంతో తిరిగేవాళ్లు మీ ఆఫీసులో కూడా ఉండే ఉంటారు.

ఇవన్నీ చెబుతున్న నేను పోయినేడాది పొద్దున్నే అయిదింటికి లేచి రాసుకోవాలనుకున్నాను. ఈసారి రాయడం జోలికి పోలేదు. వారం రోజులు అయిదింటికి లేచి, ఖాళీ కాగితం ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. అది నా చెక్కముక్క. రెండో రోజు, అయిదూ ఇరవైకి మంచినీళ్లు వస్తాయని, మోటారు వేయాల్సింది నేనేనని తేలింది. నాలుగో రోజు మా ఆవిడ, "లేచే ఉన్నారుగా, పాల ప్యాకెట్లు లోపల పెట్టండి" అంది. అయిదో రోజు కునుకు పట్టింది. అంతకు ముందు రాత్రి పన్నెండుకు పడుకున్నాను మరి. ఆరో రోజుకి కాగితం మీద అక్షరం లేదు గానీ, బొమ్మ పూర్తిగా వచ్చేసింది. ఇప్పుడు నేను రాసేది సాయంత్రం ఆరున్నర నుంచి ఏడూ పదిదాకా, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఆపిన కారులో. అక్కడ సిగ్నల్ రాదు.