ఇంటియందు తేనెపెట్టె నిర్మాణము

మన పల్లెలలో తేనె తీయువారు పలువురు పొగపెట్టి ఈగలను తోలి, పట్టునంతయు కోసి పిండుదురు. తేనెతోపాటు అందలి గ్రుడ్లును, పిల్లపురుగులును నశించును. గిన్నెడు తేనెకై ఒక సంసారమే కూలిపోవును. ఈ నష్టము లేకుండ తేనె తీయుటకే చట్రముల పెట్టె యేర్పడినది. వేసవి సెలవులలో మేము కొందరము కలిసి యట్టి పెట్టెను ఇంటివద్దనే చేసితిమి. మేము నేర్చినదానిని, మొదట తప్పినదానిని గూడ సోదర విద్యార్థులకు తెలుపుచున్నాము.

తగిన యీగ: కొండచరియలయందు పెద్దపట్టు పెట్టు ఈగలును, పొదలలో చిన్నపట్టు పెట్టు ఈగలును వెలుతురున ఒకే పట్టు కట్టునవి గనుక పెట్టెలో నిలువవు. చెట్టుతొర్రలలోను, పుట్టలలోను చీకటియందు వరుసగా పెక్కు పట్టులు కట్టు పుట్టతేనెటీగయే పెట్టెకు తగినది.

సందు రహస్యము: తేనెటీగలు తాము నడచుటకు చాలినంత సందును మాత్రము పూడ్చక విడుచును. అంతకు మించినచోట పట్టు కట్టును, తగ్గినచోట అతికించును. ఈ సంగతిని 1851లో అమెరికా దేశస్థుడగు లాంగ్‌స్ట్రాత్ పెట్టె నిర్మాణమున కుపయోగించి, కదలు చట్రములు గల పెట్టెను కల్పించెను. మన యీగ చిన్నది. దానికి తగిన చిన్న పెట్టెను తిరుచిరాపల్లియందు న్యూటను అను జెస్యూటు గురువు 1911–1917 సంవత్సరముల నడుమ సిద్ధపరచెను. అది నేటికిని ఆయన పేరనే పరగుచున్నది. మన యీగకు సందు సుమారు 8 మిల్లీమీటరులు.

కొలతలు: చట్రము వెలుపలి కొలత పొడవు 230, ఎత్తు 165 మిల్లీమీటరులు. బద్దల మందము 10. కాబట్టి లోపల పట్టు కట్టుచోటు 210, 145 అగును. పైబద్ద వెడల్పు 22. ఒక పెట్టెకు ఏడు చట్రములు. ఇక లెక్క సులభము. ఏడు బద్దలకు 154, వాని నడుమను ఇరుప్రక్కలను గల ఎనిమిది సందులకు 64, వెరసి 218. ఇది పెట్టె లోపలి వెడల్పు. పొడవు 230నకు రెండు సందులు చేర్చగా 246. లోతు 165నకు అడుగుసందు చేర్చగా 173. ముందు వెనుక పలకల పై అంచులలో 10 మిల్లీమీటరుల లోతున గాడి తీసి, పైబద్ద కొనలను దానిపై ఆనించవలెను. ముందుపలక అడుగున 8 మిల్లీమీటరుల ఎత్తున ద్వారము కోయవలెను. మూతక్రింద చుట్టును 8 మిల్లీమీటరుల బద్ద కొట్టవలెను. తేనెకై పైన పెట్టు అరలో చట్రముల ఎత్తు సుమారు సగముండిన చాలును.

కొయ్య బాగుగా ఎండినదియు, ఘాటైన వాసన లేనిదియు కావలెను. చిత్రికపట్టి, మూలమట్టముతో సరిచూచి మేకులు కొట్టవలెను. లోపల రంగు పూయరాదు. పెట్టెను నీడపట్టున పీటపై నుంచి, పీటకాళ్లను నీటిగిన్నెలలో నిలిపినయెడల చీమలు ఎక్కవు.

మా తప్పు: మొదటి పెట్టెకు ఒక ప్రక్క సందును కంటిచూపుతోనే నిర్ణయించితిమి. అది 14 మిల్లీమీటరులయ్యెను. తొర్రనుండి తీసిన పట్టులను అరటినారతో చట్రములకు కట్టి, సాయంకాలమున రాణితోగూడ ఈగలను లోనికి చేర్చితిమి. కొన్ని దినములకు చట్రమును పైకెత్తగా, గోడకు అతుకుకొన్న పట్టు చిరిగి పిల్లపురుగులు నేలరాలెను. మూడవనాటికి పెట్టె శూన్యము. పిల్లలను కాపాడుటకు చేసిన పెట్టెయే వానికి హాని చేసెనని మేమెంతయు సిగ్గుపడితిమి. తప్పు ఈగలది కాదు. కొలబద్దను పట్టని మా చేతులదే.

రెండవ పెట్టెకు ప్రతి సందును 8 మిల్లీమీటరుల పుల్లతో సరిచూచితిమి. ఈ మారు చట్రములు ఏ ఆటంకమును లేక పైకి వచ్చినవి, ఈగలును నిలిచినవి. పూలకాలమున పై అరలోని తేనెను మాత్రమే తీసి, క్రింది అరను ముట్టక విడిచితిమి. కావున ఈ పనికి పూనుకొను విద్యార్థులు రంపమును చేతబట్టుటకు ముందు కొలబద్దను చేతబట్టుదురు గాక.