పడకనుండి లేచిన ఈతగత్తె

జపాను దేశపు రికాకో ఇకే జీవితమునుండి ఈ నెల ఒక పాఠము నేర్చుకొందము.

ఈమె 2000వ సంవత్సరమున జన్మించెను. ఈమె పేరుపొందినది సీతాకోకచిలుక ఈతలో. ఇందులో రెండు చేతులను ఒక్కమారే నీటిపైకెత్తి ముందుకు విసరవలెను. రెండు కాళ్లను చేపతోకవలె కలిపి ఆడించవలెను. ఇది మిక్కిలి బలము కోరు ఈత.

2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో ఆమె ఆరు బంగారు పతకములు గెలిచెను. ఆ యేడే 100 మీటర్లను 56.08 సెకండ్లలో ఈదెను. 2019 ఫిబ్రవరిలో ఆమెకు రక్తపు కేన్సరు అని తేలెను. చికిత్స ముగిసి డిసెంబరులో ఇల్లు చేరునప్పటికి శరీరము మిక్కిలి కృశించెను.

2020 మార్చిలో మరల నీట దిగెను. 2021 ఏప్రిల్‌లో జాతీయ పోటీలో 100 మీటర్లను 57.77 సెకండ్లలో ఈది గెలిచి, కన్నీరు కార్చెను. ఇది ఆమె పాత వేగము కాదు. అయినను జట్టులో చోటు దొరికెను. ఆ యేటి టోకియో ఒలింపిక్సులో నలుగురు వంతులవారీగా ఈదు మెడ్లే పోటీ తుదిపందెములో జపాను స్త్రీల జట్టు ఎనిమిదవది, అనగా చివరిది. 2024లో పారిస్‌లోను ఆమె ఈదెను; 100 మీటర్ల సీతాకోకచిలుక ఈతలో తుదిపందెమునకు చేరలేదు.

పతకములనే లెక్కించువారికి ఇది తగ్గుదల. పడకను ఎరిగినవారికి ఇది గెలుపు.

మన యిండ్లలో జబ్బుచేసి లేచినవారిని, "మునుపటివలె పని చేయలేకున్నావే" అని నొప్పించుచున్నామా? వారి నేటి అడుగును నిన్నటి పరుగుతో కొలువకుందము.

ఆలోచించుడి: ఈ వారము మీరు ధైర్యము చెప్పవలసినవారు ఎవరు?