జనరేటివ్ ఏఐ: ఉపయోగాలు, జాగ్రత్తలు

2022 నవంబర్ 30న ఓపెన్ ఏఐ సంస్థ చాట్ జీపీటీని విడుదల చేసినప్పటి నుంచి ‘జనరేటివ్ ఏఐ’ అనే మాట ఇంటింటా వినిపిస్తోంది. అడిగితే ఇది జవాబు రాస్తుంది, అనువదిస్తుంది, బొమ్మ గీస్తుంది.

ఇది ఎలా పనిచేస్తుంది? కోట్లాది పేజీల రాతల్లో ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో నేర్చుకుని, ఆ ప్రకారం మాటలు పేర్చుకుంటూ పోతుంది. అందుకే తెలియనిదాన్ని కూడా తడబడకుండా చెబుతుంది. లేని హదీసుకు గ్రంథం పేరు, సంఖ్య కూడా జోడించగలదు.

హదీసును స్వీకరించే ముందు మన పండితులు ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు అని సనద్ పరిశీలించేవారు. ఈ యంత్రం మాటకు అలాంటి సనద్ లేదు. వార్త వస్తే విచారించుకోవాలన్న దివ్య ఖుర్ఆన్ బోధ (49:6) ఇక్కడా వర్తిస్తుంది.

అలాగని దీన్ని దూరం పెట్టనక్కరలేదు. ఇంగ్లీషు రాని తల్లి స్కాలర్‌షిప్ నోటీసును తెలుగులోనో ఉర్దూలోనో తెలుసుకోవచ్చు. విద్యార్థి అర్థంకాని లెక్కను సిగ్గుపడకుండా పదిసార్లు అడగవచ్చు. కాని గడువు తేదీని అసలు నోటీసులోనే చూడాలి. జకాత్ రెండున్నర శాతమని ఏఐ చెబుతుంది. మీ నగలు, సరుకు, అప్పులు ఎలా లెక్కించాలో ఆలిమ్‌నే అడగండి. సాయం కోరి వచ్చినవారి ఆధార్, జబ్బు వివరాలు అందులో పెట్టకండి. అవి మన దగ్గరున్న అమానత్.

కంప్యూటర్ ఇచ్చే దాతలు, పిల్లల పక్కన కూర్చుని సరిచూసుకోవడం నేర్పే మనిషికి కూడా తోడ్పడితే, ఇన్షా అల్లాహ్, ఆ దానం సార్థకమవుతుంది.