మీ మనసు ఎదుటివారికి అందాలంటే...

1990లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేశారు. కొందరు అందరికీ తెలిసిన పాటను మనసులో పాడుకుంటూ వేళ్లతో బల్ల మీద దరువు వేయాలి. వినేవాళ్లు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలైనా పోల్చుకుంటారని దరువు వేసినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో వినేవాళ్లు చెప్పగలిగినవి మూడే! వేసేవాళ్ల లోపల పాటంతా మోగుతోంది. వినేవాళ్ల చెవిన పడింది టకటక చప్పుడే.

కవిత రాసినా, బొమ్మ గీసినా మనకు ఎదురయ్యే చిక్కు ఇదే. ‘నన్నెవరూ అర్థం చేసుకోరు’ అని కలం పక్కన పడేయకండి. సాధనతో ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

భావం పేరు చెప్పి ఊరుకోకండి

‘ఎంతో బాధపడ్డాను’ అంటే చదివేవాడికి సమాచారం అందుతుంది, బాధ అందదు. భరతుడు నాట్యశాస్త్రంలో దీనికి దారి చూపాడు. భావానికి కారణమైనది కళ్లెదుట కనిపించాలి, అది విభావం. ఆ భావం మాటలో, చూపులో, ఒంట్లో పలకాలి, అది అనుభావం. వచ్చిపోయే చిన్న చిన్న భావాలు వీటికి తోడైతే రసం పుడుతుంది. 1910లో వచ్చిన గురజాడ కథ ‘దిద్దుబాటు’ చూడండి. రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన భర్తకు ఇంట్లో చీకటి, భార్య రాసిపెట్టిన ఉత్తరం ఎదురవుతాయి. అతని గుండె ఎలా జారిపోయిందో మనకు వేరే చెప్పక్కర్లేదు.

చూపించి, మౌనంగా ఉండండి

రాసింది ఒకరి చేతికివ్వండి. ‘నా ఉద్దేశం ఏమిటంటే...’ అని మొదలుపెట్టకండి. మీరు పక్కన లేనప్పుడు కూడా అది నిలబడాలి కదా! ‘బాగుందా?’ అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. ‘చదువుతుంటే మీకు ఏం కనిపించింది?’ అని అడగండి. వాళ్ల జవాబుకీ మీ ఊహకీ ఎక్కడ పొంతన కుదరలేదో అక్కడే మళ్లీ రాయండి.

ఎదుటివారికీ చోటివ్వండి

మీ అనుభవం ఉన్నదున్నట్టు మరొకరి మనసులోకి దిగదు. మీరు మీ అమ్మ గురించి రాస్తే, పాఠకుడికి వాళ్లమ్మ గుర్తొస్తుంది. అందుకు నొచ్చుకోకండి. మీ రచన అతని జ్ఞాపకాన్ని తట్టిలేపిందంటే మీ మనసు అతనికి చేరినట్టే. అలా స్పందించగలవాడినే మన ఆలంకారికులు సహృదయుడన్నారు.

ఈ రోజే మీ మనసులో మెదిలే ఒక భావాన్ని తీసుకోండి. దాని పేరు రాయకుండా ఒక్క పేరా రాయండి. చదివినవారు ఆ పేరు చెప్పగలిగేదాకా దిద్దుతూ ఉండండి.